ధర తెలిస్తే చాలదు, బండి తిప్పుకోగలగాలి

మా సంఘం సభ్యుల్లో చాలామందికి కృష్ణగిరి జిల్లా సరిహద్దు గ్రామాల్లో పొలాలున్నాయి. ఎక్కువగా పండించేది టమోటా. సరుకు వేయడానికి వారికి మూడు దారులు: తమిళనాట రాయకోట, కర్ణాటకలో కోలారు, ఆంధ్రలో మదనపల్లె. ఏ రోజు ఎక్కడ ఏ ధర పలుకుతుందో ముందే తెలిస్తే రైతు బాగుపడతాడని అందరూ అంటారు. వెనుకబడిన దేశాల్లో ఫోన్లకు ఉచిత ఇంటర్నెట్ ఇస్తే ఆ పని జరిగిపోతుందని పదేళ్లకు పైగా వింటున్నాం. ఆ మాటలో నిజమెంతో లెక్క చూద్దాం.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్రలతో సహా ఆరు రాష్ట్రాల్లో కొన్ని వెబ్‌సైట్లను ఉచితంగా చూపింది. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో జుకర్‌బర్గ్ పత్రికలో వ్యాసం రాస్తూ, మహారాష్ట్ర రైతు ఒకరు ఇందులో ధరలు చూసి మంచి బేరం చేసుకున్నారని ఉదాహరణ ఇచ్చారు. కానీ పేదవాడు ఏ సైట్లు చూడాలో ఒక కంపెనీ నిర్ణయించడమేమిటన్న అభ్యంతరం గట్టిగా వచ్చింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇలాంటి పథకాలను నిషేధించింది. అది సరైన నిర్ణయమేనని మా అభిప్రాయం. అదే ఏడాది సెప్టెంబరులో జియో రావడంతో డేటా అందరికీ చౌకైంది. ఖర్చు అనే అడ్డు చాలావరకు తొలగింది. మరి ధర తెలిసినందువల్ల రైతుకు లాభం వచ్చిందా?

కొన్ని చోట్ల వచ్చింది. కేరళలో 1997 జనవరి 14న బడగర రేవులో కొనేవారు లేక 11 మంది జాలర్లు చేపలు పారబోసే పరిస్థితి. 15 కిలోమీటర్ల లోపు రేవుల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వట్టి చేతులతో తిరిగి వెళ్లబోతున్నారు. మొబైల్ ఫోన్లు వచ్చాక ఈ వృథా పోయిందనీ, జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగిందనీ, తినేవారికి ధర 4 శాతం తగ్గిందనీ రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించారు. ఆ జాలర్లు డబ్బు కట్టి, తమ భాషలో మాట్లాడారు. పడవ ఏ రేవుకు తిప్పాలో వారి చేతిలో పని.

మహారాష్ట్రలో ఫలితం వేరు. అక్కడ 100 గ్రామాల రైతుల మీద ఒక పరిశోధన జరిగింది. ఫోనుకు ఎస్ఎంఎస్‌లో ధరలు, వాతావరణం పంపినా రైతుకు వచ్చిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆఫ్రికాలోని నైజర్ దేశంలో ఫోన్లు వచ్చాక మార్కెట్ల మధ్య ధాన్యం ధరల తేడా తగ్గింది. కానీ అక్కడ ఫోనును ముందుగా వాడుకున్నది ఊరూరా తిరిగే వ్యాపారులు. అంటే సరుకును కదిలించగలవాడికే ధర పనికొస్తుంది.

మా రైతుల సంగతి చూస్తే మూడు చిక్కులు కనిపిస్తాయి.

మొదటిది భాష. ప్రభుత్వ ఈ-నామ్, ఆగ్‌మార్క్‌నెట్ ధరలు ఇప్పుడు ఫోనులోనే ఉన్నాయి. పెద్దవారికి తెలుగు చదవడం వచ్చు, యాప్ తెరవడం రాదు. 2006 తమిళ విద్యా చట్టం తర్వాత బడిలో చేరిన పిల్లల్లో చాలామందికి యాప్ తెరవడం వచ్చు, తెలుగు అక్షరం రాదు.

రెండవది కొలత. ఫోనులో ధర క్వింటాలుకు, కోలారు మండీలో వేలం 15 కిలోల బాక్సుకు. క్వింటాలు 2000 అంటే బాక్సు 300 అని తెల్లవారుజామున బండి పక్కన నిలబడి లెక్క వేసేదెవరు? పైగా బాడుగ, కమీషన్ తీసేస్తే చేతికి ఎంత వస్తుందో ఏ యాప్ చెప్పదు.

మూడవది అన్నిటికన్నా పెద్దది: అడ్వాన్సు. నారు నాటేటప్పుడే మండీ సావుకారు దగ్గర డబ్బు తీసుకున్న రైతు సరుకు ఆ మండీకే వేయాలి. పక్క మార్కెట్లో రెట్టింపు ధర ఉందని తెలిస్తే అతనికి మిగిలేది బాధే.

అందుకే సంఘం తరఫున రెండు పనులు తలపెట్టాం. రోజూ సాయంత్రం మూడు మార్కెట్లకు ఫోన్ చేసి, బాక్సు లెక్కన, బాడుగ, కమీషన్ పోను ఎంత మిగులుతుందో తెలుగులో ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపుతాం. వినడానికి అక్షరం అక్కర్లేదు. రెండవది, సహకార సంఘాల్లో పంట రుణానికి అర్జీలు నింపి పెడతాం. మాలో రిటైరైన గుమాస్తాలం ఉన్నాం, అర్జీ రాయడం మాకు చేతనైన పని. అడ్వాన్సు ముడి ఒక్క ఏడాదిలో విడిపోదు. కానీ ఈ సీజన్‌లో కొద్దిమందయినా తమ బండిని తామనుకున్న మార్కెట్‌కు తిప్పగలిగితే, ఫోనులోని ధర వారికి నిజంగా దక్కినట్టే.

బళ్లారి, బరంపురం, షోలాపూర్ వైపు తెలుగు సంఘాల వారు ఇలాంటి ప్రయత్నం చేసి ఉంటే తమ అనుభవం మాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.