మన వెనుకబాటును మనమే చదువుకోవాలి

బొగ్గు గనుల ప్రాంతంలో గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమవుతున్న ముస్లిం యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారు చదివే పాఠాల్లో సమాజశాస్త్రం కూడా ఒకటి. దుర్ఖైమ్, మార్క్స్, వెబర్ పేర్లను కంఠస్థం చేస్తారు, పరీక్ష ముగియగానే మరచిపోతారు. హక్కుల కోసం పోరాడే సమాజానికి ఈ శాస్త్రం మార్కుల కన్నా ఎక్కువే ఇవ్వగలదు. కాసిపేట వంటి గని ఊరిని కళ్ల ముందు ఉంచుకుంటే ఆ సంగతి తేటపడుతుంది.

భూగర్భ గనిలోకి ఒక షిఫ్టు దిగడాన్ని తలచుకోండి. కప్పుకు ఆసరా పెట్టే టింబర్‌మన్, మందుగుండు పేల్చే షాట్‌ఫైరర్, బొగ్గు నింపే ఫిల్లర్, వారందరినీ కనిపెట్టుకుని ఉండే సర్దార్. ఒకరి పని మీద మరొకరి ప్రాణం ఆధారపడి ఉంటుంది. శ్రమ విభజన మనుషులను పరస్పరం అవసరమైనవారిగా మార్చి సమాజాన్ని కలిపి ఉంచుతుందని ఫ్రెంచి పండితుడు ఎమిల్ దుర్ఖైమ్ 1893లో రాశాడు. సమాజాన్ని ఒక దేహంగా, సంస్థలను దాని అవయవాలుగా చూసే ప్రకార్యవాదం ఈ ఆలోచన నుండే బలం పుంజుకుంది. అంతకు ఐదు శతాబ్దాల ముందే, 1377లో, ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో సమూహాన్ని నిలబెట్టే బంధాన్ని ‘అసబియ్యా’ అన్నాడు. ఆ బంధం సడలినప్పుడు రాజ్యాలు ఎలా కూలుతాయో వివరించాడు. కాబట్టి సమాజాన్ని శోధించడం మనకు పరాయి విద్య కాదు.

కానీ దేహం అన్న పోలిక అన్నిటినీ వివరించదు. 2024లో సింగరేణి లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంట్ కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికునికి 5,000 వచ్చింది, అదీ మొట్టమొదటిసారి. ఒకే సంస్థ నీడలో ఇంత తేడా ఎందుకని అడిగేది కార్ల్ మార్క్స్ బాటలో వచ్చిన సంఘర్షణ సిద్ధాంతం. సమాజంలో కనిపించే శాంతి వెనుక ఎవరి శ్రమ ఎవరికి లాభమవుతోందో అది వెతుకుతుంది. ఆ కాంట్రాక్టు వరుసలో మన పిల్లలు ఎందరున్నారు? మన దగ్గర ఆ లెక్క ఉందా?

మాక్స్ వెబర్ మరొక మెలిక చూపాడు. మనిషి స్థానాన్ని డబ్బు ఒక్కటే నిర్ణయించదు, సమాజం ఇచ్చే గౌరవమూ నిర్ణయిస్తుంది. జేబులో పైసా లేని వానికి వంశం పేరుతో మర్యాద దక్కవచ్చు, జీతం ఉన్న దూదేకుల యువకునికి సంబంధం కుదరకపోవచ్చు. ఇక జార్జ్ హెర్బర్ట్ మీడ్, హెర్బర్ట్ బ్లూమర్‌లతో రూపుదిద్దుకున్న ప్రతీకాత్మక పరస్పరచర్యావాదం రోజువారీ చిన్న ఘటనలను పట్టుకుంటుంది. అద్దె ఇల్లు చూపించిన యజమాని పేరు వినగానే ‘ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం’ అంటాడు. ఇలా మనిషికి ముందే అంటుకునే మచ్చ గురించి ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో ఒక పుస్తకమే రాశాడు. స్త్రీవాదం ఈ చూపులన్నిటికీ మరో ప్రశ్న జోడించింది. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పని చేయనివ్వలేదు. 2019లో గానీ ఆ నిషేధం సడలలేదు. తెల్లవారుజామున లేచి మొదటి షిఫ్టుకు టిఫిన్ డబ్బా కట్టిన ఆమె శ్రమ ఏ మస్టర్‌లోనూ నమోదు కాలేదు.

ఇదంతా మన హక్కులకు ఎలా పనికివస్తుంది? రిజర్వేషన్ల చరిత్రే జవాబు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం ఇచ్చింది. హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్లీ ప్రయత్నించగా మళ్లీ కొట్టివేసింది. 2007లో ముస్లింలలోనే సామాజికంగా వెనుకబడిన 14 వర్గాలను గుర్తించి, బీసీ-ఇ పేరుతో 4 శాతం ఇచ్చారు. 2010లో హైకోర్టు దాన్నీ తప్పుపట్టింది. అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో అది కొనసాగింది. ఆ సీట్లతో ఎన్నో పేద కుటుంబాల పిల్లలు ఇంజనీరింగ్, వైద్య కళాశాలల మెట్లు ఎక్కారు. న్యాయస్థానం ముందు ఆవేదన ఒక్కటే నిలవదు. ఎవరు, ఏ వృత్తి వల్ల, ఎంత వెనుకబడ్డారో శాస్త్రీయంగా చూపాలి. ఈ ఇరవై ఏళ్ల పాఠం ఇదే.

‘మనలో తేడాలు ఎత్తిచూపితే మిల్లత్ ఐక్యత దెబ్బతింటుంది’ అని కొందరు పెద్దలు బాధపడతారు. వారి ఆందోళనలో నిజాయితీ ఉంది. మసీదులో సఫ్ కట్టినప్పుడు మనమంతా ఒక్కటే, అది మన విశ్వాసం. కానీ సఫ్ విడిపోయాక, నికాహ్ సంబంధాల దగ్గరా, కమిటీ పదవుల దగ్గరా ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. 2024 నాటి తెలంగాణ కులగణన రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఇతర ముస్లింలు 2.48 శాతం అని తేల్చింది. మనం దాచినా అంకె దాగదు. తేడాను ఒప్పుకున్నవారే దాన్ని తొలగించగలరు. దాచిన ఐక్యత బలవంతులకే ఉపయోగపడుతుంది.

అందువల్ల కాసిపేట నుండి గోదావరిఖని దాకా చదువుకున్న మన యువతకు ఒక విన్నపం. సెలవు రోజుల్లో మీ బస్తీలో ఇంటింటికీ వెళ్లండి. ఉద్యోగం పర్మినెంటా, కాంట్రాక్టా? పదో తరగతి తరువాత చదువు మానిన ఆడపిల్లలు ఎందరు, ఎందుకు మానారు? ఏ బిరాదరీ వారు ఏ పనిలో ఇరుక్కుపోయారు? అద్దె ఇల్లు దొరకనిది ఎవరికి? నోటుపుస్తకంలో రాయండి, పేర్లు బయటపెట్టకండి, లెక్క తేల్చండి. రేపు కలెక్టరు చేతికి ఇచ్చే వినతిపత్రానికి ఆ లెక్కను జతచేయండి. పరీక్ష కోసం కంఠస్థం చేసిన సిద్ధాంతాలు అప్పుడు మన బస్తీకి అక్కరకొస్తాయి.