బొమ్మల కథకు డబ్బు పెట్టేదెవరు?

పిల్లలను కార్టూన్లు చూడనివ్వవచ్చునా అని తల్లిదండ్రులు తరచు అడుగుతుంటారు. ప్రాణుల చిత్రాల విషయమై ధర్మపండితుల మధ్య ఉన్న చర్చ సుదీర్ఘమైనది; దానిని ఈ నెల ఎత్తుకోవడం లేదు. అయితే ఆ బొమ్మల కథలు ఎలా పుట్టాయో, ఎవరి డబ్బుతో నడిచాయో తెలిస్తే ఇంటి పెద్దలకు నిర్ణయం కొంత సులువవుతుంది.

రాత్రివేళ కుటుంబమంతా కూర్చుని చూసేందుకు తీసిన బొమ్మల ధారావాహికలలో మొదట పేరు తెచ్చుకున్నది 'ది ఫ్లింట్‌స్టోన్స్'. అమెరికాలో ఏబీసీ సంస్థ 1960 సెప్టెంబరు 30, శుక్రవారం రాత్రి దానిని ప్రారంభించింది. తీసినవారు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. 'టామ్ అండ్ జెర్రీ' సృష్టికర్తలూ వీరే. తాము పనిచేసే ఎంజీఎం సంస్థ 1957లో కార్టూన్ విభాగాన్ని మూసివేయగా, సొంత సంస్థ పెట్టుకున్నారు. సినిమాకు గీసినన్ని బొమ్మలు టీవీకి గీయాలంటే ఖర్చు తట్టుకోలేరు. కనుక శరీరాన్ని కదలనీయక నోటిని, చేతిని మాత్రం కదిలించేవారు. పాత్ర పరుగెత్తుతుంటే వెనుక అవే ఇళ్లు, అవే చెట్లు మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ లోటును మాటలతో, హాస్యంతో పూడ్చారు. రాతియుగంలో కాపురముంటూ కార్లలో తిరిగే ఆ ఇంటివారి కథ 166 భాగాలు నడిచి, 1966 ఏప్రిల్ 1న ముగిసింది.

దానికి తొలినాళ్లలో డబ్బు పెట్టినవారిలో విన్‌స్టన్ సిగరెట్ల వారు ముఖ్యులు. ప్రకటనలో ఆ కథలోని పాత్రలే కనిపించేవి: భార్యలు ఇంటిపనిలో ఉండగా ఫ్రెడ్, బార్నీ ఇంటి వెనుక చేరి సిగరెట్ వెలిగించేవారు. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూసేవేళ అది! 1963లో కథలో ఆ దంపతులకు పెబుల్స్ అనే పాప పుట్టింది. సిగరెట్ల స్థానంలో వెల్చ్ వారి ద్రాక్షరసం వచ్చింది. పుట్టేది మగబిడ్డ అని మొదట అనుకున్నారట. ఆడబిడ్డయితే బొమ్మలు బాగా అమ్ముడవుతాయని మార్చారట. ఆడపిల్ల పుడితే ముఖం ముడుచుకునే లోకంలో ఆమె రాకను కోరుకున్నది బొమ్మల వ్యాపారమన్నమాట! అమెరికా టీవీలో సిగరెట్ ప్రకటనలు 1971లో గానీ ఆగలేదు.

ఇక మన హైదరాబాదు సంగతి. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రాజీవ్ చిలక, దానిని వదలి యానిమేషన్ నేర్చుకుని, 2001లో గ్రీన్ గోల్డ్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ తీసిన 'ఛోటా భీమ్' 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఢోలక్‌పూర్ అనే ఊరు, లడ్డూ తింటే బలం పుంజుకునే భీమ్, చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి. విదేశీ కార్టూన్లే రాజ్యమేలుతున్న కాలంలో మన నేలపై గీసిన కథ నిలదొక్కుకోవడం చిన్న విషయం కాదు. ఎందరో యువకులకు కుంచె జీవనోపాధి అయింది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు తీసిన 'మైటీ లిటిల్ భీమ్'లో సంభాషణలు దాదాపు లేవు, అందుచేత ఏ భాషా రాని పసివాడూ చూడగలడు.

భీమ్ తినే లడ్డూ ఏ కంపెనీదీ కాదు, అంతవరకు మేలే. అయితే భీమ్ బొమ్మ తెరను దాటి చాలా దూరం వచ్చింది. జూన్‌లో బడులు తెరిచేముందు హనుమకొండ చౌరస్తా దుకాణాలలో చూడండి, సంచి మీద, నీళ్ల సీసా మీద, టిఫిన్ డబ్బా మీద భీమే. మక్తబ్‌కు ఖాయిదా తెచ్చుకునే పిల్లల సంచుల మీదా అతడే. బొమ్మలేని సంచి ధర తక్కువని తండ్రికి తెలుసు, కాని పిల్లవాడి ఏడుపు ముందు ఆ లెక్క నిలవదు.

చిప్స్, శీతల పానీయాల వంటి వాటి ప్రకటనలను పిల్లల కార్యక్రమాల నడుమ, పిల్లల ఛానళ్లలో వేయరాదని కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు. టీవీ అయితే వంటింట్లోని తల్లికి ప్రకటన చెవినైనా పడేది. ఇప్పుడు దుప్పటి కింద ఫోన్‌లో ఏ కథ మధ్య ఏది వస్తున్నదో పిల్లవాడికే తెలుసు.

ఈ నెల ఇషా తరువాత ఒక రాత్రి పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు చూసేదంతా ప్రకటనలతో సహా చూడండి. మరునాడు వాళ్లను అడగండి: కథ ఎంత గుర్తుంది, ప్రకటన ఎంత గుర్తుంది? వాళ్ల జవాబులను మాకు రాసి పంపితే వచ్చే సంచికలో ప్రస్తావిస్తాను, ఇన్‌షా అల్లాహ్.