పెరటి చెత్తకు పెద్ద పీపా అవసరమా?

శిశిర ఋతువు రాగానే మా అంకాపూర్‌లో రెండు పనులు ఒకేసారి మీదపడతాయి. చేలలో పసుపు తవ్వకం, ఇండ్లలో రాలిన ఆకుల ఊడ్పు. వేప, మామిడి, జామ చెట్లున్న పెరడు కలిగిన ప్రతి గృహస్థునికీ మాఘ ఫాల్గుణాలలో ఒకటే చింత: ఈ కుప్పనంతా ఏమి చేయాలి? ఈ మధ్య కొందరు మిత్రులు “చెత్త కాల్చడానికి మూత, పొగగొట్టం ఉన్న పెద్ద ఇనుప పీపా కొనదలచాము, ఎంత పెద్దది తీసుకోమంటారు?” అని నన్ను అడుగుతున్నారు. వారికి విడివిడిగా చెప్పిన సమాధానాన్నే పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకోవాలి. కొన్నేండ్ల క్రితం నేనూ ఒక పాత నూనె పీపాకు అడుగున రంధ్రాలు పొడిపించి, దానినిండా ఆకులు కుక్కి, సాయంత్రం వేళ నిప్పంటించాను. పైన ఎండుటాకులు, లోపల మంచుకు తడిసినవి. మంట లేవలేదు, పొగ మాత్రం అర్ధరాత్రి వరకు లేచింది. ప్రక్క ఇంటి పిల్లవానికి ఉబ్బసం ఉన్నది. ఆ రాత్రి వానికి దమ్ము పట్టి ఆర్మూరుకు తీసుకొని పోవలసి వచ్చినది. తెల్లవారి వాని నాయనమ్మ కోపగించలేదు. “తమ్మీ, చెత్త నీ ఇంట్ల కాలింది గని, పొగ మా పోరని ఛాతిల పడ్డది” అన్నది, అంతే. ఆ మాట నేటికీ నన్ను వదలలేదు.

ఆయుర్వేదాన్ని నమ్మే మనలో చాలామందికి ఒక భ్రమ ఉన్నది: ఆకుల పొగ ప్రకృతిసిద్ధమైనది కనుక హాని చేయదని, పైగా వేపాకు పొగ గాలిని శుద్ధి చేస్తుందని. శాస్త్రం అలా చెప్పలేదు. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో ధూమపాన విధి ఉన్నది. అక్కడ చెప్పినది ఎంపిక చేసిన ఓషధులతో వర్తి చేసి, నియమిత కాలంలో, నియమిత మోతాదులో తీసుకొనే చికిత్స. అకాలంలో గాని, అతిగా గాని పీలిస్తే చెవుడు, అంధత్వం, రక్తపిత్తం, తల తిరుగుట వంటివి కలుగుతాయని అదే అధ్యాయం హెచ్చరించినది. సుశ్రుతుడైతే సూత్రస్థానం పన్నెండవ అధ్యాయంలో పొగ వలన దెబ్బతిన్నవాని లక్షణాలను వేరుగానే వర్ణించాడు: ఆయాసం, తుమ్ములు, దగ్గు, కండ్లమంట. ఔషధ ధూమం వేరు, చెత్త పొగ వేరు. పీపాలో వేపాకు కాల్చి దోమలు పోతాయని సంతోషించే ముందు, ఆ పొగనే మన పిల్లలూ పీలుస్తున్నారని గుర్తుంచుకోవాలి.

నేటి శాస్త్రమూ ఇదే చెబుతున్నది. పచ్చి లేదా తడి ఆకులో సగానికి పైగా నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరి అయ్యేవరకు వేడి పెరగదు. సగం కాలిన ఆకు నుండి కార్బన్ మోనాక్సైడు, రెండున్నర మైక్రాన్ల కంటే చిన్నవైన మసి రేణువులు వెలువడతాయి. మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యవ వంతైనా లేని ఆ రేణువులు ఊపిరితిత్తుల చివరి తిత్తుల దాకా పోతాయి. ఇక ఆకులతోపాటు ప్లాస్టిక్ సంచులు, ఎరువుల గోనెలు పడితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. అవి నశించాలంటే పెద్ద కర్మాగారాల కొలిమిలో 850 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని వేడి నిలకడగా ఉండాలి. పెరటి పీపాకు ఆ నిలకడ సాధ్యం కాదు.

అందువలననే పెద్ద పీపా కొనవద్దని నా అభిప్రాయం. పెద్దది ఉన్నప్పుడు అంతా ఒకేసారి నింపుతాము. నడుమ గాలి ఆడదు, కుప్ప మండక కుములుతుంది. పైగా పెద్ద పీపా ఉన్న ఇంట్లో కాల్చకూడనిది కూడా కాల్చాలనిపిస్తుంది. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త తగులబెట్టేవారిపై 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయల పరిహారం విధించాలని ఆదేశించినది. పీపాకు మూత ఉన్నంత మాత్రాన ప్రక్క ఇంటివారి ఛాతికి పొగ తప్పదు.

మరి ఆకులను ఏమి చేయాలి? పసుపు పండించే వారికి ఈ ప్రశ్న రాకూడదు. జూన్‌లో దుంప నాటిన తరువాత బోదెలపై ఆకులు కప్పితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుందని మన రైతులకు తెలిసినదే. పెరటి మొక్కల మొదళ్ళలోనూ అంతే. మిగిలిన దానికి మూడడుగుల లోతు గుంత చాలు. ఒక వరుస ఆకులు, దానిపై పేడనీళ్ళు, పలుచగా మట్టి. పిడికిట పట్టి పిండితే తడి తెలియాలి గాని నీరు కారరాదు. పదిహేను రోజులకొకసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలలలో ఎరువు తయారవుతుంది. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో పనిచేసి 1931లో ప్రకటించిన పద్ధతికి మూలం ఇదే. మన పెంటకుప్పనే ఆయన క్రమబద్ధం చేశాడు.

కాల్చక తప్పనివి కొన్ని ఉన్నాయి. దుంపకుళ్ళు సోకిన పసుపు మొక్కలు, తెగులు పట్టిన కొమ్మలు గుంతలో వేయరాదు. అటువంటి వాటికి చిన్న పీపా తీసుకోండి. అడుగున, ప్రక్కలందు గాలి రంధ్రాలు, నేలకు ఎత్తుగా నిలిపే కాళ్ళు, పైన పొగగొట్టం గల మూత ఉండాలి. మందులు, రసాయనాలు నింపిన పాత పీపాలు వద్దు. బాగా ఎండిన తరువాతనే, కొంచెం కొంచెంగా, మధ్యాహ్నం వేళ కాల్చండి. చలికాలపు ఉదయం, సాయంత్రం పొగ పైకి పోక నేలనంటి ఉంటుంది. గన్నేరు కొమ్మలు ఎన్నడూ వేయవద్దు, దాని పొగయు విషమే. మొదలుపెట్టే ముందు ఇరుగుపొరుగు వారికి ఒక మాట చెప్పండి.

పొరపాటున పొగ పట్టినవారిని వెంటనే మంచి గాలిలోనికి తీసుకొనిపోవాలి. కండ్లను చన్నీటితో కడగాలి. తేనె, పాలు కంటిలో వేయరాదు. గొంతు మంటకు గోరువెచ్చని నీరు, మిరియాల పాలు ఉపశమనమిస్తాయి గాని, లోపలికి పోయిన మసిని అవి కడగలేవు. ఆయాసం వచ్చినవారు వైద్యుడిచ్చిన పీల్చే మందు వాడాలి. తగ్గకపోతే చిట్కాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవాలి.

ఆ నూనె పీపా ఇప్పటికీ మా పెరట్లోనే ఉన్నది. మూత తీసి, ఆకుల ఎరువుతో నింపి, అందులో కరివేప మొక్క నాటాను. ప్రక్క ఇంటి నాయనమ్మ పోపుకు కావలసిన రెబ్బలు దానినుండే తెంపుకొని పోతున్నది.