నిద్ర కోసం వెళ్దాం రండి

హాస్టల్లో ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డ పంపాల్రా" అంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. ఆ మాట ఎవరైనా అంటారేమోనన్న భయంతోనే మా అమ్మ ఆరు నెలలు డాక్టర్ ఊసెత్తలేదని తెలిశాక మానేశాను.

నాన్నకి కిరాణా కొట్టు. తెల్లారి ఐదింటికి షటర్ తీసే మనిషి, తొమ్మిదైనా మంచం దిగేవాడు కాదు. రాత్రి రెండింటికి లేచి చీకట్లో కూర్చునేవాడు. అత్తయ్య దిష్టి అంది. బాబాయి బద్ధకం అన్నాడు. నేను ఫోన్లో "డిప్రెషన్ అనుకుంటా, చూపించమ్మా" అని చెప్పేసి ఇంటర్నల్స్‌కి చదువుకున్నాను. చెప్పడం ఎంత తేలికో!

అమ్మ ఆ మాటే నాన్నతో అంటే "నేను పిచ్చోణ్ణా?" అని రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ తర్వాత ఆవిడ రోగం పేరు ఎత్తలేదు. "మీకు నిద్ర పట్టట్లేదు కదండీ, దానికోసం వెళ్దాం. లోపలికి నేనూ వస్తాను" అంది. నిద్ర లేకపోవడం ఆయనకీ బాధే, కాబట్టి అందులో అబద్ధం లేదు. నాలుగోసారి అడిగాక ఒప్పుకున్నాడు.

ఈలోగా ఒక బంధువు సలహా: "మందు తెచ్చి పెరుగన్నంలో కలిపెయ్." దీన్ని మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. తెలిసిన రోజున ఆయన మందునే కాదు, అమ్మ చేతి అన్నాన్నీ నమ్మడు. అర్థం చేసుకుని నిర్ణయించుకోగల మనిషికి తన వైద్యం మీద హక్కు ఉందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెప్తోంది. ప్రాణాలకే ముప్పు అనిపిస్తే ఒప్పుకునేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అది వేరే సంగతి.

టెలీమానస్ 14416కి ఇంట్లోవాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చని మాకు అప్పుడు తెలీదు. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తెలిసుంటే అమ్మ తన గోడు చెప్పుకోడానికైనా పనికొచ్చేది. ఆర్నెల్లలో "నువ్వు నిద్రపోతున్నావా?" అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నాతో సహా.

డాక్టర్ దగ్గరికి వెళ్తే అయిపోయినట్టే అనుకున్నాను. పదో రోజున నాన్న "ఏం లాభం లేదు" అని మందుల స్ట్రిప్ విసిరేశాడు. అమ్మ తీసి ఫ్రిజ్ మీద పెట్టి, "పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారుగా, మళ్ళీ వెళ్ళేదాకా వేసుకుని చూడండి. అప్పుడూ బాగోకపోతే ఆయన్నే అడుగుదాం" అంది.

ఇప్పుడు కొట్టు ఏడింటికి తెరుస్తున్నాడు. అమ్మ ఇంకా రాత్రి పాలగ్లాసు పక్కన స్ట్రిప్ పెడుతుంది. వేసుకున్నారా అని అడగదు.