మైకు ఆగిపోయినా ఆగని నిర్మాత

2023 ఆస్కార్ వేడుకను మనం ‘నాటు నాటు’ కోసం గుర్తుపెట్టుకున్నాం. అదే వేదికపై ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కు లఘు డాక్యుమెంటరీ అవార్డు వచ్చింది. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ మాట్లాడారు. నిర్మాత గునీత్ మోంగా నోరు విప్పేలోగా వాద్యబృందం అందుకుంది. ఆ రాత్రి ఆమె ప్రసంగం వినపడలేదు. నిజానికి నిర్మాత పనే అలాంటిది, తెర మీద కనపడదు.

నిర్మాత అంటే మనకు తెలిసిన రూపం వేరు. ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చి, హీరో డేట్లు పట్టి, నైజాం, సీడెడ్, ఆంధ్ర అంటూ ఏరియాలవారీగా అమ్ముకునే మనిషి. పెద్ద హీరో లేకపోతే ఈ లెక్క మొదలే కాదు. 2008లో సిఖ్యా ఎంటర్‌టైన్‌మెంట్ పెట్టిన మోంగా ఇంకో దారి వెతికారు. ‘ది లంచ్‌బాక్స్’ (2013) అందుకు మంచి ఉదాహరణ. కొత్త దర్శకుడు రితేష్ బత్రా, ముంబయి డబ్బావాలాల కథ. పెట్టుబడిలో ఎన్ఎఫ్‌డీసీతో పాటు ఫ్రాన్స్, జర్మనీ సంస్థలూ చేరాయి. కాన్‌ క్రిటిక్స్ వీక్‌లో ఆడాక అమెరికా హక్కులు సోనీ పిక్చర్స్ క్లాసిక్స్ తీసుకుంది. ఇక్కడి విడుదలకు కరణ్ జోహార్ పేరు తోడైంది. అంటే ముందు బయట విలువ తెచ్చుకుని, తర్వాత ఇంటికి రావడం.

ఇంట్లో మాత్రం ఆ ఏడాది మన అధికారిక ఆస్కార్ ఎంట్రీగా గుజరాతీ చిత్రం ‘ది గుడ్ రోడ్’ వెళ్లింది. దాని నాణ్యతపై నాకు పేచీ లేదు. కానీ విదేశీ పంపిణీదారు చేతిలో ఉన్న సినిమాను పక్కనపెట్టడం నాకిప్పటికీ అర్థం కాదు. ఆస్కార్ రేసులో ప్రచారానికి డబ్బు, మనుషులు కావాలి కదా!

ఈ దారి ప్రతిసారీ గమ్యం చేర్చలేదు. వాసన్ బాలా ‘పెడ్లర్స్’ కోసం ఆమె ఫేస్‌బుక్‌లో జనం దగ్గర డబ్బు కూడగట్టారు. 2012లో కాన్ వెళ్లిన ఆ సినిమా మన థియేటర్ల దాకా రాలేదు. పండుగల్లో చప్పట్లు కొట్టించుకుని, స్క్రీన్ దొరక్క ఆగిపోయే సినిమాలు మనకు కొత్త కాదు.

పదకొండేళ్ల తర్వాత టొరంటోలో తొలిసారి ఆడిన ‘కిల్’కు దారి తేలికైంది. ధర్మా ప్రొడక్షన్స్ భాగస్వామి, రైల్లో రక్తపాతం, పేరున్న హీరో లేడు. 2024లో ఉత్తర అమెరికాలో లయన్స్‌గేట్ విడుదల చేసింది.