‘కిడ్నీలు పోయాయి’ అనకండి

‘‘పాపం, ఆయనకు కిడ్నీలు పోయాయట!’’

ఈ మాట మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. మా శ్రీకాకుళం జిల్లాలో, అందులోనూ ఉద్దానం వైపు, ఇది బస్సులోనూ టీకొట్టు దగ్గరా రోజూ వినబడే మాట. ఎన్నో ఏళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నాకు ఈ మాట రెండు కారణాల వల్ల నచ్చదు. మొదటిది, చాలాసార్లు అది నిజం కాదు. రెండోది, ఆ మాట చెవిన పడ్డ మనిషి ‘‘ఇక చేసేదేముంది?’’ అని చేతులు ముడుచుకు కూర్చుంటాడు. పనితనం తగ్గడం వేరు, పూర్తిగా పోవడం వేరు. ఆ రెంటికీ నడుమ ఒక్కొక్కరికి పదేళ్ళో ఇరవై ఏళ్ళో జీవితం ఉంటుంది. ఆ ఏళ్ళను ఒక్క మాటతో కొట్టి పారేయడం న్యాయమా?

మీ పుస్తకంలో ‘విసర్జన’ పాఠం ఉంది కదా! దాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. పిడికిలంత ఉండే ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అంటే పన్నెండు బిందెలు! అందులో లీటరున్నర మాత్రం మూత్రంగా బయటికి పోతుంది. తక్కినదంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది.

కొన్ని నెఫ్రాన్లు చెడిపోతే ఏమవుతుంది? మిగిలినవి ఆ పనిని కూడా నెత్తిన వేసుకుంటాయి. అందుకే ఒక కిడ్నీని దానం చేసినవాళ్ళు కూడా మామూలుగా బతకగలుగుతున్నారు. ఇది మంచి గుణమే. చిక్కంతా కూడా ఇక్కడే ఉంది. పనితనం సగానికి పడిపోయినా నొప్పి ఉండదు, మూత్రం ఆగిపోదు, ఆకలి చావదు. కాళ్ళ వాపు, వాంతులు, ఆయాసం వచ్చి మనిషి ఆసుపత్రికి వెళ్ళేసరికి చాలామందిలో ముప్పాతిక భాగం పైగా పోయి ఉంటుంది. పంటి నొప్పికి పరుగెత్తే మనం, నొప్పి లేని జబ్బును జబ్బుగా లెక్కచేయం.

మరి తెలిసేదెట్లా? పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. అవి పెద్ద ఖరీదైన పరీక్షలు కూడా కావు.

ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ నాన్న రక్తపరీక్ష కాగితం తెచ్చి, ‘‘మాస్టారూ, క్రియాటినిన్ 1.9 అని ఉందండి. కొంచెమే పెరిగింది, పర్లేదని మా చిన్నాన్న అన్నాడండి, నిజమేనా?’’ అని అడిగింది. ఈ ప్రశ్నకు జవాబు లెక్కల్లో ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

క్రియాటినిన్ మన కండరాల్లో తయారయ్యే వ్యర్థపదార్థం. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో పుడుతుంది. దాన్ని బయటికి పంపేవి మూత్రపిండాలు. ఒక తొట్టిని ఊహించుకోండి. పైన కుళాయి నుంచి ఎప్పుడూ ఒకే ధార పడుతోంది. అడుగున కన్నం ఉంది. పడే నీరు, పోయే నీరు సమానమైన చోట మట్టం నిలుస్తుంది. ఇప్పుడు కన్నం సగం పూడిపోయిందనుకోండి. మట్టం పైకి లేస్తుంది, కొత్త చోట మళ్ళీ నిలుస్తుంది. రక్తంలో క్రియాటినిన్ కూడా ఇట్లాగే పెరిగి నిలుస్తుంది. కిడ్నీల పనితనం సగమైతే, అది సుమారు రెట్టింపు అవుతుంది.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకాయనకు డెసిలీటరు రక్తంలో 0.8 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. పనితనం నూటికి యాభై అయితే 1.6 అవుతుంది. ఇరవై అయిదు అయితే 3.2. పన్నెండున్నర అయితే 6.4. ఈ వరుసను జాగ్రత్తగా చూడండి. 0.8 నుంచి 1.6కి పెరిగినప్పుడు పెరుగుదల ఎనిమిది దశాంశాలే, కాని నష్టం నూటికి యాభై! 3.2 నుంచి 6.4కి పెరిగినప్పుడు అంకె భయపెడుతుంది, కాని ఆ అంగలో పోయింది నూటికి పన్నెండున్నరే. అసలు పెద్ద నష్టమంతా ‘‘కొంచెమే పెరిగింది’’ అనుకునే రోజుల్లోనే జరిగిపోతుంది. కాపాడుకోదగినది ఎక్కువగా మిగిలి ఉండేదీ ఆ రోజుల్లోనే.

కాబట్టి 1.9ని చూసి పర్లేదనకూడదు. వయస్సు కూడా లెక్కలోకి తీసుకుని జి.ఎఫ్.ఆర్. అనే అంకె కడతారు. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో అది చెబుతుంది. 90, ఆపైన ఉంటే సాధారణం. మూడు నెలలకు మించి 60 కన్న తక్కువ ఉంటే దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు. 15 కన్న తగ్గితే డయాలసిస్ గురించో కిడ్నీ మార్పిడి గురించో ఆలోచించవలసిన దశ. నలభై అయిదేళ్ళ మగవాడికి 1.9 అంటే సుమారు 44. అంటే పోలేదు, చాలానే ఉంది. నిర్లక్ష్యం చేసేటంతా లేదు.

రెండో పరీక్ష మూత్రంలో ప్రోటీను కోసం. దీని చరిత్ర మీకు నచ్చుతుంది. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు ఒళ్ళు వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి, కొవ్వొత్తి మంట మీద కాచి చూసేవాడు. కోడిగుడ్డు తెల్లసొనలా అది గడ్డకట్టేది. ఆల్బుమిన్ అన్నమాట! ఆ రోగుల్లో మరణించినవాళ్ళ మూత్రపిండాలు చెడిపోయి ఉన్నాయని గమనించి ఆయన 1827లో ప్రకటించాడు. రెండు వందల ఏళ్ళనాడు చెంచా, కొవ్వొత్తి పట్టుకుని కనిపెట్టినదాన్ని ఈనాడు కాగితపు పట్టీ మీద నిమిషంలో చూడవచ్చు. అయినా మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్ళలో ఎంతమంది ఏడాదికొకసారైనా ఈ పరీక్ష చేయించుకుంటున్నారు? ఎక్కువమందికి కిడ్నీ జబ్బు తెచ్చిపెట్టేవి ఈ రెండే.

ఉద్దానం సంగతి వేరు. అక్కడ మధుమేహం, రక్తపోటు లేని కూలీలకూ రైతులకూ కూడా జబ్బు వస్తోంది. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, మరొకటా? ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరుకుతోటల కూలీలలోనూ ఇటువంటి జబ్బే కనబడింది. కారణం తెలియకపోతే వైద్యం లేదనుకోవడం మాత్రం తప్పు. రక్తపోటును అదుపులో పెట్టడం, ఉప్పు తగ్గించడం, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు ఇంకిపోకుండా చూసుకోవడం, ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొనుక్కుని వేసుకునే డైక్లోఫినాక్ వంటి బిళ్ళలు మానడం, వీటికి కారణం తెలియనక్కరలేదు. మధుమేహం కోసం కనిపెట్టిన డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు, మధుమేహం లేని కిడ్నీ రోగుల్లో కూడా క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2020లో వెలువడిన పరీక్షల ఫలితాల్లో తేలింది. ఎవరికి వాడాలో, ఎవరికి కూడదో వైద్యుడే చెప్పాలి.

‘‘ఏ వైద్యుడు?’’ అని మీరడగవచ్చు. రాళ్ళు తీసే ఆపరేషన్లు చేసేది యూరాలజిస్టు. పనితనం తగ్గినప్పుడు చూపించుకోవలసింది నెఫ్రాలజిస్టుకు. మా వైపు జనం ఇందుకోసం విశాఖపట్నం దాకా పోయేవారు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కూలి పోగొట్టుకుని వెళ్ళడం ఇప్పటికీ కష్టమే, నేను కాదనను. కాని నాటుమందుల కోసం ఇంకా దూరాలు పోతున్నవాళ్ళను చూస్తున్నాను. ‘‘ఆకుపసరు కదా, హాని ఏముంది?’’ అంటారు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికని మూలికల మందు వాడిన ఆడవాళ్ళు అనేకమందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. అందులో కలిసిన అరిస్టొలోకియా అనే మొక్కే కారణమని తేలింది. మన పొలాల్లో పెరిగే గాడిదగడపాకు ఆ జాతిదే.

ప్రేమకొద్దీ చేసే పొరపాట్లు కూడా ఉన్నాయి. ఉద్దానం కొబ్బరితోటల సీమ. జబ్బుపడ్డవాళ్ళను చూడబోతే బొండాలు పట్టుకు పోవడం మర్యాద. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మనకేం కాదు, కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. పనితనం బాగా తగ్గినవాళ్ళలో అది రక్తంలో పేరుకుని గుండె లయనే తప్పించగలదు. ‘సోడియం తక్కువ’ అని అమ్మే ఉప్పు పొట్లం మీది అక్షరాలు చదవండి. కొన్నింటిలో పొటాషియం క్లోరైడు కలుపుతారు. అట్లాగే ‘‘నీళ్ళు బాగా తాగితే కిడ్నీ కడుక్కుపోతుంది’’ అనే సలహా చివరిదశ రోగికి ప్రాణం మీదికి తెస్తుంది. అందరికీ ఒకే పథ్యం లేదు. పక్కింటాయన పథ్యం మీ తాతయ్యకు పనికిరాకపోవచ్చు. ఏ నెల పరీక్షలో ఏ అంకె ఉందో దాన్నిబట్టి ఉంటుంది.

కాగితాలు పారేయకుండా వరుసగా దాచే పని మీరు చేయండి. ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగింది చాలాచోట్ల మీరే కదా! తేదీ ఒక వరుసలో, క్రియాటినిన్ ఒక వరుసలో వేసి గ్రాఫు గీయండి. గీత నిలకడగా ఉందా, పైకి పోతోందా అన్నది వైద్యుడికి కూడా పనికివచ్చే సంగతి.

ఇక డయాలసిస్ భయం. ‘‘అది మొదలుపెడితే మనిషి దక్కడు’’ అనే మాట ఊళ్ళలో బలంగా ఉంది. నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ 1943లో, యుద్ధపు రోజుల్లో, సెల్లోఫేన్ గొట్టాలతో మొదటి యంత్రం చేసినప్పుడు ఆ మాట నిజమే. ఆయన తొలి రోగులు దాదాపు అందరూ చనిపోయారు. 1945లో ఒకామె బతికింది. ఇవాళ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుంటూ ఏళ్ళ తరబడి బతుకుతున్నవారు ఉన్నారు. దక్కనివాళ్ళలో చాలామంది ఆలస్యంగా, ఒంట్లో విషాలు నిండాక వెళ్ళినవాళ్ళు. పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయనీ, నలుగురూ ఏమనుకుంటారోననీ దాచిపెట్టినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు.

దాచిపెట్టడం వల్ల పోయేది కాలం. డయాలసిస్‌కు ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి చిన్న ఆపరేషన్ చేస్తారు, ఫిస్టులా అంటారు. అది గట్టిపడి సూదికి సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకని పనితనం బాగా తగ్గినవాళ్ళు ముందుగానే ఒక చేతి నరాలను కాపాడుకోవాలి. కుడిచేతి వాటం వాళ్ళయితే ఎడమచేతికి సెలైను ఎక్కించవద్దనీ, రక్తం తీయవద్దనీ నర్సమ్మగారికి చెప్పాలి. వాళ్ళు మరిచిపోతే మీరు చెప్పండి.