నిమ్మకాయలు తొక్కించిన కారు

2020 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నా మేనకోడలి భర్త చనిపోయాడు. వయసు 34. ట్రావెల్స్ కారు నడిపేవాడు. విజయవాడలో ప్రయాణికులను దింపి, నిద్ర లేకుండానే ఖాళీ బండితో హైదరాబాద్ బయల్దేరాడు. తెల్లవారుజామున హైవే మీద లైట్లు లేకుండా, వెనక ఒక్క రాయైనా అడ్డం పెట్టకుండా ఆపిన లారీని గుద్దాడు.

ఆ కారు కొని మూడు నెలలే అయింది. కొన్న రోజే గుడికి తీసుకెళ్లి బొట్లు పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు, గుమ్మడికాయ కొట్టారు. బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయల దండ, అద్దం ముందు ఆంజనేయస్వామి. వీటితో పాటు, సీటుబెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం నోరు మూయించడానికి బెల్టు దూర్చే చోట ఒక చిన్న క్లిప్పు! దిష్టి తగలకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు. నిజంగా ఏదైనా తగిలితే బతికించే ఏర్పాటును మాత్రం డబ్బు పెట్టి మరీ పనిచేయకుండా చేశారు. ఇలాంటి క్లిప్పుల అమ్మకం ఆపమని ఆన్‌లైన్ దుకాణాలను వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆదేశించింది 2023లో.

చనిపోయినవాణ్ణి వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. మా అమ్మ మాట కాదనలేక నా మొదటి స్కూటరుకు నేనూ కొబ్బరికాయ కొట్టించినవాడినే. బెల్టు విషయంలో చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు మెరుగేమీ కాదు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారు వెనక సీట్లో, బెల్టు లేకుండా. ఆ ఒక్క ఏడాదే దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని, వాళ్లలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివాళ్లని కేంద్ర రవాణా శాఖ లెక్క.

అసలు విషయానికి వస్తాను. పదకొండో రోజున ఇంటినిండా జనం. "నూకలు చెల్లిపోయాయి" అన్నారొకరు. "రాహుకాలంలో బయల్దేరాడట" అన్నారు ఇంకొకరు. లారీని అక్కడ అలా ఎవరు ఆపారని ఒక్కరూ అడగలేదు. నేను నష్టపరిహారం కేసు సంగతి ఎత్తాను. మేనకోడలి అత్తగారు ఏడుస్తూ నా వైపు తిరిగారు. "అన్నయ్యగారూ, నా కొడుకు శవం మీద డబ్బులు తిని నేను బతకాలా?"

ఆ ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అది తలరాతే అయితే లారీ యజమానికి ఏ బాధ్యతా లేదు. డ్రైవర్‌ను రాత్రంతా తిప్పిన ట్రావెల్స్‌కు లేదు. హైవే మీద ఆపిన బండిని తీయించనివాళ్లకూ లేదు. ఈ వేదాంతంతో లాభపడేవాళ్లందరూ ఆ ఇంటి బయటివాళ్లే. నష్టపోయింది మాత్రం ఆ ఇంట్లో నలుగురు: భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఇక ఆ డబ్బు ఎవరి దయాధర్మమూ కాదు. ఇలాంటి రోజు కోసమే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని చట్టం చెబుతోంది. లారీ యజమాని ఆ ప్రీమియం కట్టే ఉన్నాడు.

మేనకోడలు మెల్లగా ఒప్పుకుంది. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద తను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ప్రమాదం జరిగిన చోటికి తిరగనక్కర్లేదు. మొదట వచ్చిన వకీలు వచ్చినదాంట్లో మూడోవంతు అడిగాడు. ఇలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఇంకొకరి దగ్గరికి వెళ్లాం.

మనిషి ప్రాణానికి లెక్క ఎలా కడతారని మీరు అడగొచ్చు. ప్రాణానికి కాదు, ఇంటికి ఆగిపోయిన సంపాదనకు కడతారు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో దీనికి పద్ధతి చెప్పింది. అతను నెలకు 18 వేలు తెచ్చేవాడు కానీ కాగితం లేదు. ట్రిబ్యునల్ 12 వేలే ఒప్పుకుంది. నలభై ఏళ్ల లోపువాడు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 16,800. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. ముప్పై నాలుగేళ్ల వయసుకు గుణకం 16. మొత్తం 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి అదనం. ఏ జాతకమూ చూడకుండా, కాగితం మీద ఎవరైనా సరిచూసుకోగల లెక్క ఇది.

బీమా కంపెనీ మొత్తం తప్పు ఇతనిదే అంది. ట్రిబ్యునల్ అంత దూరం పోలేదు గానీ, నిద్రలేకుండా నడిపి ముందున్న బండిని చూసుకోలేదని అతని వంతు 25 శాతమని చెప్పి, 2023లో 18,14,400 ఇప్పించింది. ఆ రోజు కోర్టు బయట మేనకోడలు అడిగింది, "అంటే మామయ్యా, తప్పు ఆయనది కూడానా?"

అవునన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చవచ్చు. కానీ తలరాత అన్నవాళ్లకూ నాకూ తేడా ఏముంటుంది? ఆమె ఆ తర్వాత నాతో నెల రోజులు మాట్లాడలేదు.

ఇక్కడ మన హేతువాదుల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. నిమ్మకాయల మీద ఎన్నో సభల్లో మాట్లాడాను. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు తీసి పెట్టుకోమని, సంపాదనకు ఒక కాగితం ఉంచుకోమని ఏ ఒక్క సభలోనూ చెప్పలేదు. ఆ ఇంట్లోవాళ్లకు పనికొచ్చింది రెండోది! గుద్దిన బండి దొరక్కపోయినా చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇచ్చే పథకం 2022 నుంచి ఉందని కూడా చాలామందికి తెలియదు.

మా కేసు వేయడానికి ఏడాది పైనే పట్టింది, ఆ మనసులు కుదుటపడాలి కదా. అప్పట్లో గడువు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి గానీ, అవి తేలేదాకా ఆగి చూడటం మంచిది కాదు. శవం మీద డబ్బా, తలరాతా అని తేల్చుకునేలోపే ఆరు నెలలు గడిచిపోతాయి.

పిల్లల వాటా వాళ్లు మేజర్లయ్యేదాకా బ్యాంకులో ఉంటుంది. అత్తగారు తన వాటాను చాలాకాలం ముట్టుకోలేదు. పోయినేడాది మనవరాలి కాలేజీ ఫీజుకని తీశారట, నాకు ఫోన్ చేసి చెప్పారు.